నెమళ్ల వలకు బాపు ముడి

ఉట్నూర్, 12-11-1964

అనసూర్యక్కా, నేను బాగున్నాను, అవ్వను ఫికర్ పెట్టుకోవద్దను.

మగ్గాల సేటుతో కొట్లాడి, ఇక దారం ముట్టనని బాపు ముందే ఒట్టు పెట్టుకుని వచ్చాను కదా. నిన్న ఇక్కడి అడవి జీవాలనే పెంచే చిన్న జూకు పోయాను. నెమళ్ల దొడ్డికి కట్టిన వల చిరిగి, కుక్కలు దూరేటట్టు ఉంది. "మూగజీవాల మీద ఇంత జులుమా?" అని రేంజరు మీద అరిచాను.

"లెక్చరు చాలు గని, కట్టొస్తదా నీకు?" అన్నాడాయన.

పంతానికి కూర్చుని, తెగిన పోగుకు బాపు వేసే ముడితోనే వలంతా అతికాను.

"మగ్గం నేసే సాలోల్ల పోరనివా? రేపటి సంది నౌకరికి రా!" అన్నాడు.

బాపు ఇంకా అలిగే ఉన్నాడా? గట్టి పురికొస పంపమను. ఒక నెమలి ముక్కుతో ముడిని పట్టి లాగింది, ఊడలేదు. ఈ ఒక్క మాట ఆయనకు రెండుసార్లు చదివి వినిపించు.

అందరికీ దండాలు. బాపు వద్దన్నా ఆయనకు కూడా.

నీ తమ్ముడు
దశరథం