ఏడో నెల డ్రమ్మర్

మార్చి 4
బావ లాండ్రీ వెనక గదిలో రిహార్సల్. అక్కకి ఏడో నెల. ఇవాళ డ్రమ్స్ ముందు కూర్చుంటే పొట్ట అడ్డొచ్చింది. స్టూల్ వెనక్కి జరుపుకుంది. ఇప్పుడు చేతులు బాగా చాపి కొట్టాలి. అందుకని ప్రతి దెబ్బా వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోంది.

అంతే, మా ఫంక్ పాట నడకే మారిపోయింది! నా బేస్ గిటార్ ఆ దెబ్బ కోసం ఆగి ఆగి నడిచింది. గిటార్ వాయించే వాడిని గిరజాలు అంటాం, వాడు దెబ్బకీ దెబ్బకీ మధ్య రెగె పాటల్లోలా గీకడం మొదలుపెట్టాడు. బొంగురు పాడటం మానేసి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. మా సింగర్ వాడు. పగలు స్కూల్ బస్సు నడుపుతాడు, పిల్లల మీద అరిచి అరిచి గొంతు అలా అయిందంటాడు.

బావ ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. ఇది ఫంకా, రెగెనా, రాకా అని అడిగాడు. ఎవరికీ తెలియదు. ఏదైతే నాకేంటి, ఇంకోసారి కొట్టండి అన్నాడు.

మార్చి 5
దొరికింది. మాదైన బాణీ మాకు దొరికేసింది.

మార్చి 19, సాయంత్రం
ఊళ్ళో పెద్ద బ్యాండ్‌కి ముందు మూడు పాటలు వాయించమని మాకు అవకాశం ఇచ్చారు. మొదటి పాటకి జనం ఫోన్లు చూసుకున్నారు. రెండో పాటకి తలలు ఊపారు. మూడోదానికి కుర్చీలు పక్కకి నెట్టేశారు! దిగగానే ఆ బ్యాండ్ మేనేజర్ వచ్చాడు. మేలో టూర్ ఉంది, ముందు మీరే వాయించాలి అన్నాడు. గిరజాలు నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు.

కిందికి దించాక గుర్తొచ్చింది. అక్కకి డెలివరీ మేలోనే.

మార్చి 20
నా కోసం ఆగారంటే ఈ కర్రలతోనే తంతా, వేరే వాణ్ణి చూసుకోండి అంది అక్క. నవ్వుతూనే అంది. కర్రలు సంచిలో పెట్టేటప్పుడు మాత్రం మొహం గోడవైపు తిప్పుకుంది.

మార్చి 27
కొత్త డ్రమ్మర్ వచ్చాడు. గడియారం మింగినట్టు కొడతాడు. ఒక్క తప్పు లేదు. పాట మాత్రం ఇస్త్రీ చేసిన చొక్కాలా బిర్రబిగుసుకుపోయింది. చివరికి అతనే ఆపేసి, ఇవి ఆవిడ పాటలండీ, నా చేతిలో నాకే బాలేవు అన్నాడు. పాపం, మంచివాడు.

మార్చి 28
ముగ్గురం ఒక మాట అనుకుని మేనేజర్‌కి ఫోన్ చేశాం. నేనే మాట్లాడాను. అక్క లేకుండా రాం, కాన్పయ్యాక వస్తాం అన్నాను. మీలాంటివాళ్ళు వీధికొకరు ఉంటారని పెట్టేశాడు. పోతే పోనీ అన్నాడు బొంగురు.

అక్కకి తెలిసింది. నన్నడక్కుండా తేల్చడానికి నువ్వెవరే అని చెడామడా తిట్టింది. అమ్మ అడ్డు రాబోతే అమ్మకీ రెండు పడ్డాయి. తిట్లయ్యాక మంచినీళ్ళు తాగి, అయితే ఈలోగా రికార్డింగ్ చేసేద్దాం, స్టూడియో మాట్లాడు అంది.

ఏప్రిల్ 9
రికార్డింగ్. సగం పాటలో కడుపులో బిడ్డ తన్నింది. అక్క ఆగలేదు, హమ్మా అని అరిచింది. ఆ అరుపు ఉంచేద్దామండీ అన్నాడు ఇంజనీర్. ఉంచేశాం.

మే 21, ఉదయం
ఆడపిల్ల! ఇద్దరూ బాగున్నారు. నేను పిన్నినయ్యాను. బావ ఆసుపత్రి వరండాలో నర్సులందరికీ దండాలు పెడుతున్నాడు.

జూలై 12
రేడియోలో మా పాట!!! బస్సులో పిల్లలంతా హమ్మా అని అరుస్తున్నారని బొంగురు ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆ గొంతులో తెలియలేదు.

జూలై 15
మేనేజర్ ఫోన్. టూర్ ఇంకా నడుస్తోందట, మాకు బదులు తీసుకున్నవాళ్ళు గొడవపడి వెళ్ళిపోయారట. మీ డ్రమ్మర్‌గారు కులాసానా అని అడిగాడు. గారట! అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. పాప వస్తుంది, పాప నాన్న వస్తాడు, వ్యాన్‌లో చోటుంటే మేమొస్తాం అంది. పెద్ద వ్యాన్ పంపిస్తానమ్మా అన్నాడట.

సెప్టెంబర్ 3, స్టేజీ వెనక
మమ్మల్ని పిలిచేశారు. బయట వేల గొంతులు. బావ తెర పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. దాని వెనక అక్క ఒళ్ళో పాప పాలు తాగుతోంది. మేమెవ్వరం కదలడం లేదు.