బీగం లేని నెల

నవంబరు 3, ఆదివారం

నా అక్షరాలు దిద్దే నాన్నకు,

ఫోనులో నా గొంతు మీకు అందదు కనుక కాగితం తీసుకున్నాను. ఇరవై ఏళ్ళు ట్రాక్టరు మోత విన్న చెవులు, వాటిని మాత్రం ఏమంటాం. తప్పులున్న చోట ఎప్పటిలాగే ఎర్ర సిరాతో సున్నా చుట్టి తిరిగి పంపండి. మన ఆంధ్రా రైతుల క్యాంపు బడిలో అంతా కన్నడమే చదివాను కదా, కాలవగట్టు మీద కూర్చోబెట్టి మీరు నేర్పిన తెలుగు ఇప్పుడు రోజురోజుకీ తియ్యగా అనిపిస్తోంది.

ఇక్కడి పురసభ ఆరోగ్య విభాగంలో నా శిక్షణ మొదలై రెండు నెలలయింది. విభాగమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, రెండు బీరువాలు, దోమల పొగ యంత్రం, బ్లీచింగు పొడి బస్తాలు, వాటి మధ్య ఇన్‌స్పెక్టరు శివరాజ్ సారు. పొద్దున్నే వీధి కుళాయి నీళ్ళు చిన్న గాజు గొట్టంలో పట్టి మందు చుక్క వేస్తాం. పసుపు రంగు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి నిలవ నీళ్ళు చూడాలి. మొదట్లో జయాబాయి వెంట తిరిగాను. ఆమె పద్దెనిమిదేళ్ళుగా ఇదే పనిలో ఉంది. పీపా మూత తీసి టార్చి వేసి, “చూడు పిల్లా, ఎట్ల ఎగుర్తున్నయో! పెండ్లి బరాత్‌ల పోరగాండ్ల లెక్క” అని దోమల తోకపురుగుల్ని చూపిస్తుంది. ఎవరైనా కసురుకుంటే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: “నీ ఇంట్ల బంగారం అడుగుతున్ననా అక్కా? గదే కావాలంటె హట్టి బంగారు గనికే పోదును. నీ డ్రమ్ము చూపియ్యి, చాలు.”

చూసిన ఇంటి తలుపు పక్కన సుద్దముక్కతో తారీకు వేసి పొట్టి సంతకం పెడతాం. ఇల్లు మూసి ఉంటే రిజిస్టరులో ‘బీగం’ అని రాస్తాం. వరసగా మూడు వారాలు బీగం పడితే సారు నోటీసు అంటించి, ఇంటివాళ్ళను పిలిపించి తలుపు తీయిస్తారు. అక్టోబరులో ఒక వీధి నాకే అప్పగించారు. నెలంతా కలిపి నా వీధిలో ఒక్క బీగం కూడా లేదు, నాన్నా! సారు నా రిజిస్టరు ఎత్తి అందరికీ చూపించారు.

ఆ వీధి చివరింట్లో బసమ్మ అనే అవ్వ ఉంది. ఆమె దగ్గర ఎన్ని మాటలో! మనం మబ్బు అంటే ఆమె ‘మొగులు’ అంటుంది. చీకటిపడింది అనదు, ‘పొద్దుమీకింది’ అంటుంది. అవన్నీ రిజిస్టరు వెనక పేజీలో రాసుకుంటున్నాను.

గది బాగుంది. పక్కింటివాళ్ళు చాలా మంచివాళ్ళు, రోజూ ఏదో ఒక కూర ఇస్తారు. అమ్మను దిగులు పడొద్దనండి.

మీ చేతిరాతే వచ్చిన
శ్రావ్య


నవంబరు 21, గురువారం

నాన్నా,

మీరు దిద్ది పంపిన ఉత్తరం వచ్చి వారమైంది. అక్షర దోషాలకు చుట్టిన సున్నాలు చూసి నవ్వుకున్నాను. తప్పులేని రెండు వాక్యాలకు కూడా మీరు చుట్టిన సున్నాలు చూసి మడిచి పెట్టేశాను. “జయాబాయి పేరు రాశావు, బసమ్మ పేరు రాశావు. పక్కింటివాళ్ళ పేరు రాయలేదేం?” అన్నది ఒకటి. “పత్తి ఏరే రోజుల్లో వీధికి వీధే తాళాలు వేసుకుని పోతుంది. నీ వీధిలో ఒక్క తాళమూ లేదా?” అన్నది రెండోది.

పక్కింటివాళ్ళు లేరు, నాన్నా. నా గది ఒక మూతపడ్డ పత్తి గోదాము మీద ఉంది. ఆఫీసు నుంచి రాగానే తలుపు వేసుకుంటే మళ్ళీ పొద్దున్నే తీయడం. ఒక్కోసారి రోజంతా నేర్చుకున్న మాటలు పైకి చదువుకుంటాను, నా గొంతు ఉందో లేదో చూసుకోవడానికి. అందరితోనూ పనిమాటలే. “నీళ్ళు ఎన్నాళ్ళకు మారుస్తారు? మూత ఉందా?” అంతే.

ఇక రెండోది. మిగతా ఇళ్ళకు తాళం ఉంటే ఇంకో పూట వెళ్ళి చూసొచ్చాను, అబద్ధం ఒక్క ఇంటిదే. అక్టోబరు మొదటి వారం వీధి చివరింటికి వెళ్ళేసరికి తలుపుకు తాళం ఉంది. రిజిస్టరులో బీగం అని రాయబోతుంటే లోపలి నుంచి మాట వినిపించింది.

“ఎవరు బిడ్డా బయట?”

“పురసభ నుంచి అవ్వా, నీళ్ళు చూడ్డానికి.”

“నీళ్ళేం చూస్తవ్, నన్ను చూడు. నాకే ఎవరు దిక్కు లేరు” అని నవ్వింది. కిటికీ చువ్వల వెనక బసమ్మ ముఖం కనిపించింది.

కొడుకు మౌనేశ్, కోడలు పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పని చేస్తారు. పోయినేడు బసమ్మ ఇంట్లోంచి నడుచుకుంటూ వెళ్ళి ఏదో బస్సెక్కితే, రెండు రోజుల తర్వాత లింగసుగూరు బస్టాండులో దొరికిందట. అప్పటి నుంచి లోపల అన్నం, నీళ్ళు పెట్టి బయట తాళం వేసి పోతారు. కొట్టరు, తిట్టరు. వాళ్ళకు భయం. ఆ కిటికీలోంచి ఎదురుగోడ తప్ప ఏమీ కనిపించదు. అందుకని నన్ను అడిగేది: “మొగులు పట్టిందా బిడ్డా? గోడను చూస్తె తెలుస్తలేదు.” నేను చెప్పేదాన్ని. వారానికి ఒక రోజు వెళ్ళాల్సిన ఇంటికి రోజూ వెళ్ళాను. నాకు ఈ ఊళ్ళో పనిమాట కాని మాట దొరికింది అక్కడే.

మూడు వారాలు బీగం పడితే నోటీసు వస్తుందని ఆమెకు చెప్పాను. రెండు చేతులా చువ్వలు పట్టుకుంది. “నోటీసు గీటీసు వద్దు బిడ్డా. మావోడు పరేషాన్ అయితడు, ఈ కిటికీ గూడ మూస్తడు. పెరట్ల పీపా ఒకటే ఉంది, కోడలు శుక్రవారం శుక్రవారం కడుగుతది. రాసుకో.” రాసుకున్నాను. ‘చూశాను, పురుగులు లేవు’ అని. గోడ మీద తారీకు వేసి సంతకం పెట్టాను. ఆమె కోసమే అని అప్పుడు అనుకున్నాను. కాదు. కిటికీ మూస్తే నాకు ఎవరూ ఉండరు.

పోయిన శనివారం పిలిస్తే పలకలేదు. చెవి పెట్టి వింటే మూలుగు. మిల్లుకు పరిగెత్తి మౌనేశ్‌ను పిలుచుకొచ్చాను. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఆటో వచ్చేలోపు పెరట్లోకి వెళ్ళి పీపా మూత తీశాను. కోడలు ఎన్ని శుక్రవారాలు కడగలేదో తెలియదు. టార్చి అక్కర్లేదు, నాన్నా. నీళ్ళు కదులుతున్నాయి.

రాయచూరు ఆసుపత్రిలో డెంగీ అన్నారు. ఆ పీపా దోమే కుట్టిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. నేను మాత్రం ఇంకోలా అనుకోలేకపోతున్నాను. వార్డు బయట మౌనేశ్ నన్ను తిట్టలేదు. నేల చూస్తూ అన్నాడు: “తాళంచెవి నా జేబుల ఉండంగ నువ్వెట్ల చూసినవ్ అమ్మా? గోడ మీద నీ మొదటి తారీకు చూసిన్నాడే ఎరికైంది, ఉత్తదే అని. పోనీ మంచిదే, లోపల అమ్మ ఉందా అని ఎవరు అడగరు అనుకున్న. నువ్వు నీ ఉత్త రాత దాచుకుంటివి, నేను నా తాళం దాచుకుంటి. నడుమ ఆమె పడిపోయింది.”

ఆఫీసులో ఎవరికీ తెలియదు. రిజిస్టరు అలాగే ఉంది. నేను ఈ పనికి తగను. శిక్షణ మానేసి డిసెంబరు ఒకటో తారీకు, ఆదివారం వచ్చేస్తాను. క్యాంపు మలుపు దగ్గర నిలబడండి.

శ్రావ్య


డిసెంబరు 8, ఆదివారం

ఎదురుచూసి ఒక్కరే ఇంటికి తిరిగి వెళ్ళిన నాన్నకు,

మీ జవాబు నవంబరు 30, శనివారం అందింది. “రా. నీ మంచం నీదే. ఆ రిజిస్టరు దిద్దకుండా మాత్రం బస్సెక్కకు.” నాలుగు పేజీల ఉత్తరానికి ఇంతే రాశారు, ఒక్క సున్నా కూడా చుట్టలేదు. అందుకే ఆదివారం రాలేదు. మలుపు దగ్గర మూడు బస్సులు చూశారని అమ్మ ఫోనులో చెప్పింది. క్షమించండి.

సోమవారం ఎర్ర సిరా పెన్ను కొన్నాను. శివరాజ్ సారు ముందే రిజిస్టరు తెరిచి, ఆ ఇంటి దగ్గర ‘చూశాను’ అని రాసిన ప్రతి వరసా కొట్టేసి, పక్కన ‘చూడలేదు, బీగం’ అని రాసి సంతకం పెట్టాను. ఆరు చోట్ల. సారు రిజిస్టరు తన వైపు తిప్పుకున్నారు.

“దీన్నే కదమ్మా నేను ఎత్తి అందరికి చూపించింది” అన్నారు. “పత్తి సీజన్‌ల బీగం లేని వీధి ఉంటదా అని నాకు తట్టొద్దా?”

మెమో ఇచ్చారు. ఈ రెండు నెలల శిక్షణ మళ్ళీ చేయాలన్నారు. ఊరు మొత్తంలో బీగం పడ్డ ఇళ్ళ జాబితా చేతిలో పెట్టి, మనుషులు పనికి పోకముందే ఆరింటికల్లా వెళ్ళి చూడమన్నారు. ముప్పై ఏడు ఇళ్ళు. ఆరింటికి కూడా తాళం ఉంటే, దాని ముందు నిలబడి “లోపల ఎవరైనా ఉన్నారా?” అని గట్టిగా పిలవడం నేనే పెట్టుకున్న పని. జయాబాయి నడుము పట్టుకుని నవ్వింది: “తాళంతోటి ముచ్చట పెడుతున్నవా? జరంత చాయ్ గూడ అడుగు!” నాలుగో ఇంట్లో లోపలి నుంచి దగ్గు వినిపించింది. కాలు విరిగి మంచం పట్టిన ముసలాయన. జయాబాయి నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాతి ఇంటి నుంచి నాకంటే ముందు తనే పిలుస్తోంది.

బసమ్మ బతికింది. బుధవారం ఇంటికి తెచ్చారు. చువ్వలు అడ్డం లేకుండా, తెలివిలో ఉండి ఆమె నన్ను నిలువునా చూడటం అదే మొదలు. “గింత పొట్టిదానివా! గొంతు వింటె తాటిచెట్టంత అనుకుంటి” అంది. పీపాకు కొత్త మూత వచ్చింది. మౌనేశ్ రెండో తాళంచెవి చేయించి జయాబాయికి ఇచ్చాడు. మధ్యాహ్నం తలుపు తీసి అవ్వను అరుగు మీద కూర్చోబెడతాం, గంటసేపు. మొగులు పట్టిందో లేదో ఇప్పుడు ఆమే నాకు చెబుతోంది.

నిన్నటికి ముప్పై ఆరు ఇళ్ళయ్యాయి. ముప్పై ఏడో చిరునామా చదివి ఆగిపోయాను. పత్తి గోదాము, మేడ మీది గది. నేను ఊరంతా తిరిగే వేళలో నా గదికి తాళం ఉంటుంది కదా, వరసగా పది వారాలు బీగం పడింది; అదీ మూతపడ్డ గోదామే అనుకుని ఎవరూ నోటీసు అంటించలేదు. జయాబాయి కాగితం లాక్కుని చూసింది. “నాకు ఒక్కసారి అన్న చెప్పకపోతివి, గీ గోదాం మీద ఒక్కదానివే ఉంటున్నవని” అని, సుద్దముక్క నా చేతిలోంచి తీసుకుంది. “నీ ఇల్లు నువ్వే రాసుకుంటె మళ్ళ గదే కథ. రేపు ఆరింటికి నేనే వస్త.”

ఈరోజు పొద్దున ఆరు కాకముందే తలుపు చప్పుడైంది. లోపల ఎవరున్నారని ఆమె మేడమెట్ల మీది నుంచే అరిచింది. ఉన్నానని అరిచాను, గోదాము అంతా మోగింది. బిందె, బకెట్టు, కూజా, అన్నిట్లో టార్చి వేసింది. టిఫిను డబ్బాలో జొన్నరొట్టెలు, ఇక్కడివాళ్ళు పుంటికూర అనే గోంగూర పప్పు తెచ్చింది. ఇద్దరం నేల మీద కూర్చుని తిన్నాం. వెళ్తూ తలుపు పక్కన తారీకు వేసి, కన్నడంలో తన పొట్టి సంతకం పెట్టింది.

నాన్నా, పక్కింటివాళ్ళు కూర ఇస్తారని రాశాను కదా. పేరు జయాబాయి. ఇప్పుడు దిద్దుకుంటున్నాను.

శిక్షణ అయ్యాక వస్తుంది
మీ శ్రావ్య