ఎవరికీ మాట ఇవ్వని ప్రతినిధి

కాన్సాస్ సిటీ, సోమవారం

సిగ్రిడ్ అక్కకు, నేను క్షేమం. ఇక్కడి ఎండ మాత్రం మన డకోటావాళ్లు ఓర్చుకోగలిగింది కాదు.

ఇవాళ మన పార్టీ మహాసభ గుమ్మంలో ఒక అభ్యర్థి తాలూకు మనిషి నా కోటుకు వాళ్ల ప్రచార బిళ్ల గుచ్చాడు. "మీ అక్కగారు ఫోనులో మాట ఇచ్చేశారుగా" అన్నాడు.

"మా అక్క ఎవరడిగినా సరేనంటుందయ్యా. ఆ లెక్కన అవతలివాళ్లకూ నేను దక్కినట్టే" అంటూ బిళ్ల తీసి అతని చేతిలో పెట్టాను.

అక్కా, తక్కిన ప్రతినిధులు ఎవరికి ఓటు వేయాలో వాళ్ల వాళ్ల రాష్ట్రాల్లోనే తేలిపోయింది. పోటీలో ఉన్న ఇద్దరూ సమంగా ఉన్నారు కనుక, ఎవరికీ కట్టుబడని మా కొద్దిమంది వల్లే దేశాధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థి ఎవరో తేలాలి. ఇద్దరి మాటా విన్నాకే నిర్ణయిస్తానని జిల్లా సభలో చెప్పి వచ్చాను. ఇకమీదట ఫోను వస్తే, "మా తమ్ముడింకా వింటున్నాడు" అని మాత్రం చెప్పు.

మిసెస్ టోలెఫ్సన్ ఇన్సులిన్ మన మందుల షాపు ఫ్రిజ్‌లో ఉంది. ఇచ్చావా? పిల్లలకు నా ముద్దులు.

బుధవారం టీవీ చూడు. ఓటింగులో మన రాష్ట్రం వంతు రాగానే ప్రతినిధులను ఒక్కొక్కరినీ లేపి అడగమని కోరాను. నేను చెప్పే పేరు నీ దగ్గర దాచడం లేదు, అది ఇంకా నాకే తెలియదు.

నీ తమ్ముడు,
ఆర్నె