గోడ దానంతటదే లేవదు

మార్చి 3, సోమవారం
నలభై ఏళ్ళు తాపీ పట్టాను. ఎవరింటి ముందు నించున్నా ఒకటే మాట, భలే లేచిందండీ ఇల్లు అని. లేవడానికి అదేమన్నా పడుకుందా? ఎత్తితే లేచింది. ఎత్తినవాడు సిమెంటు చేతులతో పక్కనే ఉంటాడు, వాడు కనపడడు. ఈ మంట ఇప్పటిది కాదు. ఇవాళ మనవరాలు దానిమీద కిరసనాయిలు పోసింది.

ల్యాబ్‌లో కంటికి ఆనని గుండ్లతో లేజర్ చేస్తోందట. వెంట్రుకని వందల చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత గుండు. నీళ్ళలో కలిపి గాజుపలక మీద బొట్టు వేస్తే, ఆరేకొద్దీ వరసగా కూర్చుంటాయట. ఆ వరసల్లో వెలుగు ఇరుక్కుని, అటూ ఇటూ కొట్టుకుని, లేజరై బయటికొస్తుందట. పేర్చే మేస్త్రీ ఎవరన్నాను. ఎవరూ లేరు తాతా, వాటంతట అవే అంది. నా మొహం మీదే.

మార్చి 6, గురువారం
ల్యాబ్‌లో ఏసీ గాలికి బొట్టు అంచుకి పోయి కాఫీ మరకలా ఆరుతోందట. అందుకని గాజుపలక తెచ్చి నా గదిలో బీరువా మీద పెట్టి గిన్నె బోర్లించింది. ఫ్యాన్ వద్దట. తలుపు దడేల్మనకూడదట. తుమ్మొస్తే బయటికెళ్ళాలట. నా గదిలో నేను అద్దెకున్నట్టుంది. సోమవారం ప్రొఫెసర్‌కి శాంపిల్ చూపించకపోతే, దాన్ని పెట్టి వెలిగించి చూసే లేజర్ టేబుల్ ఇంకొకరికి ఇచ్చేస్తాడట. అది పోతే దీని చదువు గాల్లో దీపమే.

మార్చి 7
ఉక్కతో చస్తున్నాను. గుండ్లు మాత్రం హాయిగా ఉన్నాయి.

మార్చి 8, శనివారం
బీరువా మీదికి ఎండ దిగింది. పచ్చిపని మీద ఎండ పడితే బీటలిస్తుంది. తాపీవాడన్నవాడు చూస్తూ ఊరుకోడు. గోనెపట్టా తడిపి గిన్నె చుట్టూ కప్పాను. ఆరినప్పుడల్లా తడుపుతున్నాను.

మార్చి 10, సోమవారం
బొట్టు ఆరలేదు.

గిన్నె ఎత్తి చూసి ఇల్లెగిరిపోయేలా అరిచింది. గోనె ఎవరు కప్పమన్నారంది. క్యూరింగ్ అన్నాను. ఇదేమన్నా గోడా అంది. పేర్చుకుంటాయన్నావుగా అన్నాను. కోడలు మధ్యలో వచ్చి, మామయ్యా, మీరు కాసేపు నోరు మెదపకండి అంది. పిల్ల వట్టి చేతులతో వెళ్ళింది. టేబుల్ పోయింది. అన్నం తినలేదు.

మార్చి 11
గోనె తీసేశాను. ఫ్యాన్ వేసుకోలేదు.

మార్చి 13, గురువారం
ఆరింది. పావురం మెడ రంగు. ఇటు తిప్పితే పచ్చ, అటు తిప్పితే ఊదా. పిల్ల వెలుతురుకి పెట్టి చూసి, ల్యాబ్‌కి పట్టుకెళ్ళింది. టేబుల్ దక్కినవాడు అన్నానికి వెళ్ళిన సందులో పెట్టి చూసిందట. వెలిగిందట! సూదిమొనంత ఎర్ర చుక్క. వస్తూనే నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నిదానంగా ఆరినందుకో, అదృష్టమో, మళ్ళీ మళ్ళీ చేస్తేగానీ తెలీదంది. దానికి టేబుల్ కావాలంది.

సరే, పేర్చిందెవరు మరి అన్నాను. నువ్వూ కాదు, నేనూ కాదు తాతా, వాటంతట అవే అంది.

ఛీ.

మార్చి 14
ప్రొఫెసర్ చూద్దాం అన్నాడట. చూద్దాం అన్న ఇంటి ఓనరు చూసిన పాపాన పోయింది లేదు.

మార్చి 15, శనివారం
ప్రొఫెసర్‌కి ఉత్తరం రాశాను. అయ్యా ప్రొఫెసరూ. టేబుల్ మా పిల్లదో కాదో వచ్చే శుక్రవారం సాయంత్రంలోగా చెప్పాలి. చెప్పకపోతే శనివారం పొద్దున్నే వచ్చి మీ ల్యాబ్ గుమ్మంలో కూర్చుంటా. ఎవరూ కూర్చోబెట్టక్కర్లేదు. నా అంతట నేనే.