స్లాబు మీద సున్నం

మే నెల, ఆదివారం. బిజినేపల్లి.

ఇవాళ గెలిచాను. మామ మధ్యాహ్నం బయటికి పోకుండా ఇంట్లోనే పడుకుని టీ వేళ దాకా నిద్రపోయాడు!

కిందటేడు వడదెబ్బ తగిలి ఆయన దవాఖానలో పడ్డప్పటి నుంచి మాకు ఎండాకాలమంటే భయమే. అయినా అన్నం తినగానే బస్టాండు నీడకు వెళ్లిపోయేవాడు. "ఇంట్ల పొయ్యిల కూసున్నట్టుంటది, నేనుండ" అనేవాడు. మా ఆయన ఏసీ పెడదామన్నాడు. ముందు వేడి లోపలికి రాకుండా ఆపుదామని నేను పట్టుబట్టాను.

మొన్న స్లాబు మీద తెల్లగా సున్నం వేశాను. పడమటి కిటికీకి బయటి నుంచి వెదురు తడక కట్టాను. ఎండ అద్దం దాటి వచ్చాక లోపల పరదా వేసి ఏం లాభం? పైకి చేరిన వేడిగాలి బయటికి పోవాలని, వెంటిలేటర్లకు అడ్డం పెట్టిన అట్టలన్నీ పీకేశాను.

మామ కింద నిలబడి నవ్వాడు. "సున్నమేస్తే సూర్యుడు ఎనక్కి పోతడా పిల్లా?"

"పోతడు మామా, జర చూడు" అన్నాను.

ఇవాళ నిద్ర లేచి పైకప్పు వంక చాలాసేపు చూశాడు. "మీదికెళ్లి సెగ కొడ్తలేదే!" అన్నాడు. సాయంత్రం పక్కింటాయనతో, "మా కోడలు ఎండను ఇంట్లకు రానిస్తలేదు, నువ్వు గూడ గట్లనే చెయ్యి" అని చెబుతుంటే వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

వానలకు సున్నం కడుక్కుపోతుందేమో... పోతే మళ్లీ వేస్తాను. అప్పుడు బకెట్ తానే అందిస్తానన్నాడు మామ.