సున్నా పలక

సెక్రటరీ గారికి నమస్కారం.

మన గ్రౌండ్‌లో స్కోరుబోర్డు పలకలు మార్చేది నేనే. తొమ్మిది మ్యాచ్‌లుగా మనవైపు సున్నా తీసే పని పడలేదు. మనవాళ్లు గోల్ దాకా బాగానే వెళ్తారు. తీరా అక్కడికెళ్లాక మీరు కొట్టండంటే మీరు కొట్టండని మొహమాటపడతారు.

మొన్న పెనాల్టీ దొరికిందిగా, ఒకటి పలక చంకలో పెట్టుకుని నిచ్చెనెక్కాను. సున్నా తుప్పుపట్టి మేకుకి అతుక్కుపోయింది, ఎంత లాగినా రాలేదు. ఇంతలో బంతి గోల్ పైనుంచి ఎటో పోయింది. "హమ్మయ్య" అన్నాను.

కింద నిచ్చెన పట్టుకున్న మా ఆవిడ, "ఏమయ్యా, నువ్వూ అవతలి జట్టులో చేరావా?" అంది. పదకొండేళ్లుగా మనవాళ్ల కోసం గొంతు చించుకున్నవాణ్ణి, ఒకటి పలక చంకలో పెట్టుకునే కిందికి దిగాను.

శనివారం ఆటలోపు కాస్త నూనె ఇప్పించండి. గోల్ పడుతుందని కాదు. పడకపోతే మళ్లీ సంతోషించకుండా ఉండటానికి.