రాయొద్దన్న మాట

జూన్ 9
క్లారా వచ్చింది. జర్మనీ నుంచి, ఎనిమిది వారాలకు. ఆమె కాలేజీ వేసవి కోర్సు ఇది: పొద్దున తెలుగు క్లాసు, ఆ తర్వాత ఊళ్లు తిరిగి ఒక ప్రాజెక్టు. మా కాలేజీ నుంచి ఆమెకు జోడీగా నన్ను ఇచ్చారు. ఉండేది మా మేడ మీద గదిలో. ఆమె అడిగేది తెలుగులో చెప్పాలి, ఊళ్లవాళ్లు చెప్పేది ఇంగ్లీషులో చెప్పాలి. అంతే పని.
అమ్మ రెండు రోజులుగా కారం తగ్గించి వండడం ప్రాక్టీసు చేస్తోంది. నాయన అది తినలేక దుకాణం నుంచి వస్తూ మిరపకాయ బజ్జీలు తెచ్చుకున్నాడు.

జూన్ 11
ఎండ. క్లారా తడి తువ్వాలు నెత్తిన వేసుకుని క్లాసుకు వెళ్లింది. బజారంతా ఆమెనే చూసింది.

జూన్ 14
క్లాసులో 'వచ్చాడు' అని నేర్పారట. మా నాయన 'వచ్చినాడు' అంటాడు. ఏది రైటని అడిగింది. రెండూ అన్నాను. రెండూ రాసుకుని పక్కన నా పేరు పెట్టింది, సాక్షిలాగా. ఏ మాటైనా ముందు నోటుబుక్కులోకి వెళ్లాల్సిందే.

జూన్ 18
ప్రాజెక్టు ఖాయమైంది. మగవాళ్లు గొర్రెల మందలతో నెలల తరబడి వెళ్లిపోతే ఇంటి దగ్గర ఆడవాళ్ల రోజు ఎలా గడుస్తుంది... పెద్దారవీడు దగ్గర ఒక ఊరు. నేను పుట్టింది మార్కాపురంలోనే. ఆ ఊరివైపు ఒక్కసారీ వెళ్లలేదు. ఆ సంగతి క్లారాకి చెప్పలేదు.

జూన్ 20
లక్ష్మమ్మ. యాభై ఉంటాయేమో. భర్త వెంకటయ్య, కొడుకు మందతో యర్రగొండపాలెం అవతల ఉన్నారు. వానలు పడితేనే తిరిగి రావడం. ఇంటి దగ్గర ఆమె, మందతో ఇంకా నడవలేని ఆరు గొర్రెపిల్లలు.
క్లారా ఒకదాన్ని ఒళ్లోకి తీసుకుంది. అది ఆమె కుర్తా తడిపేసింది. "దానికి నువ్వు నచ్చినావులే" అని లక్ష్మమ్మ ఒకటే నవ్వు. తర్వాత నావైపు తిరిగి, "నువ్వెవురి పిల్లవు?" చెప్పాను. "ఆ పాత్రల దుకాణమా! నా బిందెలన్నీ ఆడియే. నన్ను పెద్దమ్మా అను" అంది.

జూన్ 23
నీ జీవితంలో నువ్వు సంతోషంగా ఉన్నావా అని అడగమంది క్లారా. పెద్దావిడను అలా ఎలా అడుగుతాం? "అంతా బాగేనా పెద్దమ్మా?" అన్నాను. "ఆ, బాగే" అంది. ఆ జవాబును క్లారా చాలాసేపు రాసుకుంది.

జూన్ 27
పిల్లలెంతమందని అడిగింది క్లారా. లక్ష్మమ్మ గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. ఒక కొడుకు అంది. కాసేపాగి, "ఒక ఆడపిల్ల గూడా. శిరీష."
రెండేళ్ల కిందట కనిగిరి అబ్బాయిని చేసుకుని వెళ్లిపోయిందట. వేరే కులం.
"మా ఆయన దాని పేరే ఎత్తనియ్యడు. సచ్చిపోయిందనుకోమన్నాడు. ఎట్లనుకుంటా నేను? వారానికోసారి ఫోన్ చేస్తది. ఎవురూ ఇనకుండా దొడ్లోకొచ్చి మాట్లాడతా. మొన్న మగపిల్లోడు పుట్టినాడంట. వాని ఏడుపు ఫోన్లోనే ఇన్నా."
అంతా చెప్పాను క్లారాకి. ఆమె కళ్లు నిండాయి. లక్ష్మమ్మ అది చూసి, "ఇనమను, అంతే. రాయొద్దని చెప్పు" అంది.
చెప్పలేదు.
చెబుదామనే నోరు తెరిచాను. అప్పటికే క్లారా తల వంచి రాస్తోంది. ఇన్నాళ్లకు నావల్ల ఒక అసలైన సంగతి దొరికింది ఆమెకు. బస్సులో నా చెయ్యి పట్టుకుని, నువ్వు లేకపోతే ఇది నాకు దొరికేదే కాదు అంది. మార్కాపురం వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశాను.

జూన్ 28
ఈ రోజూ చెప్పలేదు.

జూలై 2
క్లారాకి కడుపునొప్పి. మూడు పూటలా మజ్జిగన్నం. అమ్మ దిష్టి తీసింది. ఉప్పు నిప్పులో చిటపటలాడితే, "చూడు, ఎంత దిష్టి తగిలిందో" అంది. అది కూడా రాసుకుంది, పడుకునే.

జూలై 9
మొదటి వాన. క్లారా మేడ మీద తడుస్తూ నన్ను కేకేసింది. వెళ్లాను. నవ్వాను కూడా. మనసులో మాత్రం: వెంకటయ్య ఇక ఊళ్లోకి వస్తాడు.

జూలై 16
కోర్సు ఆఖరి మీటింగుకు ఎవరెవరు వస్తారో క్లారా వాళ్ల మేడం చదివింది. మాట్లాడిన కుటుంబాలన్నిటినీ పిలుస్తున్నారు. గోడకు పెట్టే ప్రాజెక్టు చార్టులు తెలుగులో కూడా ఉండాలట. క్లారా చార్టు అనువాదం నాది. లక్ష్మమ్మ ఫొటో, కింద హెడ్డింగు 'దొడ్లో ఫోను'. వెంకటయ్యకు చదువు రాదు. కొడుక్కి వచ్చు.

జూలై 17
చెప్పేశాను. అట్లు తింటుండగా. ఆమె రాయొద్దంది, నేను నీకు చెప్పలేదు... ఇంతే. ఎన్ని రకాలుగానో చెప్పాలనుకున్నాను, రెండు ముక్కల్లో అయిపోయింది.
 ఇంకా ఏమేం చెప్పలేదు అని అడిగింది క్లారా. నోటుబుక్కు తెచ్చింది. పేజీ పేజీ తిప్పాం. 'బాగే' దగ్గర ఆగాను. ఇంకో చోట. ఇంకో చోట. మధ్యాహ్నం దాకా పట్టింది.
అబద్ధమెక్కడా చెప్పలేదు, మెత్తగా చేశానంతే అన్నాను.
ఎవరి కోసం, అంది.

జూలై 18
భోజనం దగ్గర, "ఏందే, ఆ పిల్ల మొగం అట్లుంది?" అని అమ్మ. ప్రాజెక్టు టెన్షన్ అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేస్తాయో నాకు ఇలాంటి మాటలు.

జూలై 20
లక్ష్మమ్మకు చెప్పి తీరాలంది క్లారా. వెంకటయ్య మందను మేతకు తోలుకెళ్లిన వేళ చూసి వెళ్లాం. నన్ను మాట్లాడనివ్వలేదు. దారంతా పెదాలు కదుపుతూ నేర్చుకున్న ముక్కలు తనే అప్పజెప్పింది. "పెద్దమ్మా. నేను రాశాను. మీరు వద్దు అన్నారు. నాకు తెలియదు. ఇప్పుడు తీసేశాను." చించిన కాగితాలు ఆమె చేతిలో పెట్టింది.
లక్ష్మమ్మ క్లారాను చూడలేదు. నన్ను చూసింది.
"ఆ పొద్దు నీకు ఇనపడలేదా?"
"ఇనపడింది పెద్దమ్మా."
"మరి?"
నేను గొర్రెపిల్లల వైపు చూశాను.
"ఆ పిల్లకి తెలుగు రాదు. నీకొచ్చు గదా."
కాగితాలు పొయ్యిలో పెట్టింది. ఇద్దరికీ మంచినీళ్లిచ్చింది. కూర్చోమనలేదు.

జూలై 25
క్లారా మళ్లీ మాట్లాడుతోంది. జాగ్రత్తగా. బజార్లో ఎవరైనా ఏదైనా అంటే, అంతేనా, ఇంకేమన్నా ఉందా అని అడుగుతోంది. ఇంకేం లేదు అంటాను. నమ్ముతుందో లేదో.

జూలై 31
మీటింగు. చార్టులో గొర్రెపిల్లలు, నీళ్లు, కట్టెలు, ఏ గంటకు ఏ పని. చాలా పలచగా ఉందని మేడం అందరి ముందే అంది. క్లారా తల ఊపింది, కారణం చెప్పలేదు.
లక్ష్మమ్మ రాలేదు. వెంకటయ్య, కొడుకు వచ్చారు. ఆయనది తెల్ల పంచె, భుజాన తువ్వాలు. భార్య ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను కుర్చీలు సర్దుతుంటే పక్కకు పిలిచాడు.
"మా ఆడమనిషి మీతో బాగా మాట్లాడిందంట గదా."
"ఔను పెద్దనాయనా."
"మా పాప సంగతేమన్నా చెప్పిందా?"
 కోపం కోసం ఆయన ముఖంలో వెతికాను. లేదు. తువ్వాలు కొస వేలికి చుడుతున్నాడు, విప్పుతున్నాడు.
"ఆమెనే అడుగు పెద్దనాయనా."
"అడిగే నోరుంటే నిన్నెందుకు అడుగుతా? ఆ పొద్దు అన్ని మాటలన్నాక..." ఆగిపోయాడు. "బాగుందా, లేదా. అంత చెప్తే చాలు."
నేను ఔననలేదు, కాదనలేదు. కొడుకు వస్తున్నాడు. ఆయన గొంతు తగ్గించి, "నేనడిగినానని ఆమెకు చెప్పొద్దు బిడ్డా" అని వెళ్లిపోయాడు.

ఆగస్టు 2
క్లారా వెళ్లిపోయింది. బస్టాండులో వెంకటయ్య అన్నదంతా చెప్పాను, ఒక్క మాట వదలకుండా, 'చెప్పొద్దు'తో సహా. ఇప్పుడేం చేస్తావంది. తెలియదన్నాను. రాసుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేసింది. బస్సు కదిలేదాకా తీయలేదు.

ఆగస్టు 4
అన్నం తింటుంటే ఫోన్. లక్ష్మమ్మ. ఎప్పుడూ చేయలేదు.
"మీటింగులో మా ఆయన నిన్ను పక్కకి పిలిచినాడంట. మావోడు చెప్పినాడు. ఏమడిగినాడే?"
అవతల ఆమె ఊపిరి వినపడుతోంది. చెబితే ఆయన చెప్పొద్దన్న మాట పోతుంది. చెప్పకపోతే మళ్లీ ఆమెకే అన్యాయం...
"ఏందే, ఉన్నావా?"
"ఉన్నా పెద్దమ్మా."